గారెలు నోట్లో ఉన్నా ఆగని మాట: 160 ఇంగ్లీషు పదాల కార్డుల డైరీ

రోజు 1: కాగితం, కత్తెర

లెక్క ఇది. 160 పదాలు, 8 వారాలు, వారానికి 20. అమలాపురం చుట్టుపక్కల పోటీ పరీక్షలకో, పై చదువులకో తయారవుతున్నవాళ్ళ కోసం. వీళ్ళకి ఇంగ్లీషు వార్త అర్థమవుతుంది. సంపాదకీయం దగ్గరికొచ్చేసరికి పేరాకి రెండు మాటలు పంటికింద రాయిలా తగులుతాయి. ఆ రాళ్ళే మన సరుకు, ఒక్కో మాటకి ఒక్కో కార్డు.

ఏ4 కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిస్తే ఎనిమిది ముక్కలొస్తాయి. ఒక్కో ముక్క 74 × 105 మిల్లీమీటర్లు, చొక్కా జేబులో పట్టేంత. 160 కార్డులకి 20 షీట్లు చాలు, చెడగొట్టుకోడానికి ఇంకో నాలుగు. మామూలు జిరాక్సు కాగితం 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని) ఉంటుంది, వెనక రాసింది ముందుకి కనబడిపోతుంది. జవాబు కనిపించే కార్డు దేనికీ పనికిరాదు. అందుకని 250 జీఎస్‌ఎం షీట్లు తీసుకుని ప్రింటింగ్ ప్రెస్సులో కటింగ్ మిషన్ మీద కోయించాం. కత్తెరతో కోస్తే అంచులు ఎగుడుదిగుడై, ఏ కార్డు ఏదో అంచుని బట్టే తెలిసిపోతుంది. నవ్వులాటగా ఉంటుంది గాని, చదివేవాళ్ళు నిజంగానే అలా గుర్తుపట్టేస్తారు.

జెల్ పెన్ను వద్దు. మన దగ్గర గాలిలో తేమకి, చేతి చెమటకి అక్షరం అలుక్కుపోతుంది. బాల్ పాయింటు పెన్నే మేలు. పెట్టెగా ఆత్రేయపురం పూతరేకులొచ్చిన అట్టపెట్టె సరిపోయింది. నెయ్యి మరకలు లేనిది చూసుకోవాలి, లేకపోతే చీమలు పడతాయి.

రోజు 2: ఒక కార్డు, దగ్గరగా

మాటని బొమ్మతో గుర్తుపెట్టుకునే మా పద్ధతి కొత్తదేం కాదు. 1975లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మనస్తత్వ పరిశోధకులు రిచర్డ్ ఆట్కిన్సన్, మైకేల్ రా 120 రష్యన్ మాటలు పెట్టి దీన్ని పరీక్షించారు. మూడు రోజులు, రోజుకి 40. కొత్త మాట చెవికి ఎలా వినబడుతుందో, అలా వినబడే సొంతభాష మాట ఒకటి పట్టుకోవాలి. ఆ మాటనీ అసలు అర్థాన్నీ కలిపి ఒక బొమ్మ ఊహించుకోవాలి. అలా నేర్చుకున్నవాళ్ళకి పరీక్షలో 72 శాతం గుర్తున్నాయి, మామూలుగా నేర్చుకున్నవాళ్ళకి 46 శాతం. ఆరు వారాల తర్వాత అడిగితే 43, 28. అంటే తేడా నిలిచింది, కానీ మరుపు ఎవర్నీ వదల్లేదు. ఈ రెండో సంగతి చాలామంది చెప్పరు.

ఆ సొంతభాష మాటని మేం కొక్కెం అంటున్నాం. చొక్కా తగిలించుకునే కొక్కెమే.

నమూనా కార్డు: గ్యారలస్. అర్థం వాగుడుకాయ. కొక్కెం గారెలు. బొమ్మ: పెళ్ళి భోజనాల పంక్తిలో ఒక బాబాయి గారు. రెండు బుగ్గల్లోనూ గారెలున్నాయి, అయినా మాట ఆగలేదు. ఎదుటాయన పట్టుపంచె మీద అల్లం పచ్చడి చుక్కలు పడుతున్నాయి.

చుక్కలు ఎందుకంటే, «గారెలు తింటూ మాట్లాడేవాడు» అని ఊరుకుంటే గారెలు గుర్తుంటాయి, మాట్లాడ్డం గుర్తుండదు. తిండిపోతు అని జవాబొస్తుంది. అర్థం మోసే పని బొమ్మలో పెద్దదిగా కనబడాలి, దానివల్ల ఎవరికో ఏదో జరగాలి. పంచె పాడైన మనిషి మొహం చూస్తే వాగుడు గుర్తుకొస్తుంది.

కార్డు ముందువైపు ఇంగ్లీషు అక్షరాల్లో మాట ఒక్కటే. వెనక నాలుగు వరసలు: తెలుగులో ఉచ్చారణ (నొక్కి పలికే చోట కింద గీతతో); అర్థం; కొక్కెం, బొమ్మ కలిపి ఒక్క వాక్యం; చివర కొక్కెం ఊసే లేని మామూలు ఇంగ్లీషు వాక్యం. నాలుగో వరస బరువు అనిపించి మొదట్లో రాయకుండా వదిలేశాం. దాని ఫలితం 37వ రోజున చూడండి.

రోజు 5: మొదటి ఇరవైలో బాగా పడ్డవి

ఇన్‌సిపిడ్. చప్పనిది. కొక్కెం చప్పిడి. దీనికి బొమ్మ కూడా అక్కర్లేదు, కొక్కెమే అర్థం. ఇలాంటివి ముత్యాల్లాంటివి, ఏరుకోవాలి.

అమీలియరేట్. బాగుచేయడం, మెరుగుపరచడం. నడుమ మేలు అని వినబడుతోంది కదా. లాటిన్‌లో మెలియర్ అంటే «ఇంకా మంచిది», అక్కణ్ణుంచి వచ్చిందీ మాట. మన మేలుకి దానితో చుట్టరికం లేదు, కాకతాళీయం. అయినా నొక్కి పలికే చోటే మేలు పడింది కాబట్టి ఊడదు.

పార్సిమోనియస్. పిసినారి. కొక్కెం పార్సిల్ మనీ. హోటల్లో పార్సిల్ డబ్బాకి అయిదు రూపాయలు ఎక్కువన్నారని ఇంటినుంచి టిఫిన్ క్యారేజీ మోసుకొచ్చే ఆసామి.

లాసిట్యూడ్. బడలిక. మే నెల మధ్యాహ్నం రావులపాలెంలో పెద్ద గ్లాసు లస్సీ తాగి, బస్సెక్కాల్సినవాడు స్టాండులోనే ఒరిగిపోయాడు.

ఫాస్టిడియస్. అన్నిటికీ వంకలు పెట్టేవాడు. కొక్కెం పస్తు. పులుసులో ఉప్పు ఒక రవ్వ తక్కువైందని పస్తు పడుకున్న అల్లుడు గారు.

క్యాంటాంకరస్. అయినదానికీ కానిదానికీ తగాదా పడే మనిషి. క్యాను, ట్యాంకరు, రష్. సముద్రం దగ్గరి ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకరు ఆగింది. రష్‌లో క్యాను పట్టుకున్న పెద్దాయన ముందున్నవాళ్ళతో ఒకసారి, వెనకున్నవాళ్ళతో ఒకసారి, చివరికి ట్యాంకరుతో కూడా పోట్లాడుతున్నాడు. ఈ మాట ఎవరికి చెప్పినా ఒక్కసారికే పట్టేసింది, ఎందుకంటే నాలుగు ముక్కల్లో మూడు ముక్కలు కొక్కెంలోనే ఉన్నాయి.

లుగూబ్రియస్. ఏడుపుగొట్టు మొహం. కొక్కెం లుంగీ, బురద. ఆకుమడి గట్టు మీంచి జారి కొత్త లుంగీ బురద చేసుకున్నవాడి వాలకం. అచ్చులు పూర్తిగా కలవలేదు, కానీ ల, గ, బ, ర వరస తప్పలేదు. ఇక్కడొక సూత్రం దొరికింది: అచ్చులు కాస్త అటూఇటూ అయినా చెవి సర్దుకుంటుంది, హల్లుల వరస మారితే సర్దుకోదు.

ఎనర్వేట్. ఇది కార్డుల కట్టలో రాజు. చూడగానే అందరూ ఎనర్జీ ఇవ్వడం అనుకుంటారు. అర్థం దానికి తలకిందులు: సత్తువ లాగేయడం. కొక్కెం: ఎనర్జీకి వేటు. ఎనర్, వేటు. తప్పు అర్థానికి దారితీసే సగాన్నే పట్టుకుని, రెండో సగంతో దాని మెడ నరికేస్తుంది. తప్పుదోవ పట్టించే ప్రతి మాటకీ ఇలాంటి కొక్కెమే కావాలి గాని, దొరకదు.

రోజు 9: కొక్కేలు ఎదురు తిరిగాయి

కోపియస్ అంటే సమృద్ధిగా, విస్తారంగా. చెవికి కోపం అని వినబడుతుంది. ఎవరో పనిమాలా తగిలించకుండానే ఆ కొక్కెం దానంతటదే పడిపోతుంది, అర్థం కోపిష్టి అని వస్తుంది. దీన్ని ఊరికే «కాదు, కాదు» అని చెప్తే పోదు. ఇంకా బలమైన కొక్కెం పెట్టాలి. కొప్పు అని మార్చాం: కడియం నర్సరీ పూలన్నీ ఒక్క కొప్పులోనే తురుముకుని మెడ తిప్పలేకపోతున్న పెళ్ళికూతురు. నాలుగో రోజుకి కోపం వెళ్ళి కొప్పు కుదురుకుంది.

మెండేషస్ అంటే అబద్ధాలకోరు, కొక్కెం «మెండుగా కోతలు». మెండికంట్ అంటే బిచ్చగాడు, దీనికీ మెండే పెట్టాం. ఒకే కొక్కేనికి రెండు చొక్కాలు. ఏం జరిగిందో చెప్పక్కర్లేదు, బిచ్చగాళ్ళందరూ అబద్ధాలకోరులైపోయారు. రెండోదాన్ని మొండి క్యానుగా మార్చాం: మూతి విరిగిన పాల క్యాను చాచి అడుక్కుంటున్నవాడు. అప్పట్నుంచి కొత్త కొక్కెం రాసేముందు పాత కొక్కేల జాబితా అక్షర క్రమంలో చూసుకోవడం నియమమైంది. నోటుబుక్కులో ఒక పేజీ చాలు.

వసిఫరస్ మరో రకం చిక్కు. పసిపిల్లలకి మాటలు రావాలని వస పోస్తారు, «వస పోశారా ఏంటి» అని వాగేవాళ్ళని అంటాం. కొక్కెం భేషుగ్గా ఉంది, కానీ వాగుడుకి పోయింది. ఈ మాటకి అసలు అర్థం గట్టిగా అరుస్తూ పట్టుబట్టడం. ఎంతసేపు మాట్లాడాడన్నది కాదు, ఎంత పెద్దగా అన్నదే లెక్క. గ్యారలస్ పక్కన ఇది పెడితే రెండూ ఒకటైపోయాయి. చివరికి «వస ఫోర్సు» అని దిద్దాం: ఫోర్సుగా వస పోసిన పిల్లాడు పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి కుళాయి నీళ్ళ కోసం అరుస్తుంటే కిటికీ అద్దాలు అదురుతున్నాయి.

దగ్గరి అర్థాల మాటల్ని ఒకే వారంలో పెట్టకూడదు. వాటి మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉంచుతున్నాం.

రోజు 11: స్పెల్లింగు చూసి కట్టినవి

నేడిర్ (nadir) అంటే అధోగతి, ఇంతకంటే కింద లేని చోటు. అక్షరాలు చూసి నాడి అని కట్టేశాం, నాడి పడిపోయిన రోగి బొమ్మ. అర్థం బాగానే నిలబడింది. కానీ మాట నోటితో అనమంటే అందరూ నాదిర్ అన్నారు. చెవిని బట్టి మళ్ళీ కట్టాం: నేడు. భీమవరం చెరువు గట్టు మీద రైతు ఫోన్లో నేడు రొయ్యల రేటెంత అని అడుగుతున్నాడు, వంద కౌంటు (కిలోకి వంద రొయ్యలు) రేటు విని ఫోను చెరువులో పడేశాడు. అర్థం, ఉచ్చారణ రెండూ ఒకే దెబ్బకి.

అరై (awry) అన్నది కూడా చాలామంది అవ్రీ అని చదువుతారు. పని బెడిసికొట్టడం. కొక్కెం అరెరె. హైపర్‌బలీ అంటే అతిశయోక్తి, హైపర్‌బోల్ అని కాదు. హైపరు, బలి: పులస చేప తిమింగలమంత ఉందన్నవాడి మాటకి నిజం బలైపోయింది. ఎపిటమీకి ఇంకా కొక్కెం లేదు. «ఎపిటోమ్ కాదు» అని ఎర్ర పెన్నుతో రాసి వదిలేశాం.

నియమం: కొక్కెం వెతికేముందు నిఘంటువు ఆప్‌లో ఉచ్చారణ మూడుసార్లు వినాలి. అక్షరాలు చూస్తూ కొక్కెం కట్టకూడదు.

రోజు 16: పెట్టె

పూతరేకుల పెట్టెకి అట్టముక్కలతో అయిదు అరలు చేశాం. 1972లో జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. మొదటి అర రోజూ, రెండోది రెండు రోజులకోసారి, తర్వాత నాలుగు, ఎనిమిది, పదహారు రోజులకి. సరిగ్గా చెప్తే కార్డు ఒక అర ముందుకెళ్తుంది, తప్పితే మళ్ళీ మొదటి అరకి.

ఇక్కడ మోసం ఒకటుంది, మనల్ని మనమే చేసుకునేది. కార్డు చూడగానే «ఆ, గారెలు» అని నవ్వొస్తుంది. నవ్వు వచ్చింది కదా, తెలుసు అనేసుకుని ముందు అరలో వేసేస్తారు. కొక్కెం చెప్పడం జవాబు కాదు. ఎనిమిది సెకన్లలో అర్థం నోటితో పైకి చెప్పాలి, చెప్పకపోతే తప్పు కిందే లెక్క. ఈ కట్టుబాటు పెట్టిన రోజు మొదటి అర ఒక్కసారిగా లావైంది.

ఉచ్చారణ మాత్రమే తప్పితే కార్డు ఉన్న అరలోనే ఉంచుతున్నాం. లైట్నర్ పద్ధతి కాదిది, కానీ నాలుగో అర నుంచి చిన్న తప్పుకి కిందకి దొర్లిపోతుంటే చదివేవాళ్ళు పెట్టె మూసేస్తున్నారు.

రోజుకి పదిహేను నిమిషాలు. రెండు రోజులు మానేస్తే మూడో రోజు కొత్త కార్డులు తీయకూడదు, పాత బాకీ తీర్చాలి.

వానాకాలం కార్డులు పడవల్లా వంగుతున్నాయి. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు పెట్టెలో వేసి, పైన బరువుకి నిఘంటువు పెడితే సరిపోయింది. నిఘంటువుకి అదో ఉపయోగం.

రోజు 23: నవ్వు ఎక్కువైంది

నాలుగో వారం కార్డులన్నీ పగలబడి నవ్వించేవే. అందరికీ నచ్చాయి, ఎవరికీ గుర్తులేవు. కారణం తెలిసిందే. 1986లో మనస్తత్వ పరిశోధకులు మార్క్ మెక్‌డేనియల్, గిల్ ఐన్‌స్టీన్ చూపించింది ఇదే: మామూలు బొమ్మల మధ్య ఉంటేనే వింత బొమ్మ గుర్తుంటుంది, అన్నీ వింతలే అయితే ఆ లాభం పోతుంది. అందుకని ఇరవైలో ఎనిమిది మాత్రమే వింతగా ఉంచి, మిగతావి ఇంటిపట్టు మాటలతో సరిపెట్టాం.

ఉదాహరణకి ప్యాలియేట్. రోగం తగ్గించకుండా బాధ మాత్రం తగ్గించడం. కొక్కెం పల్లీలు. బస్సు ఆలస్యమైంది, ఆకలేస్తోంది, పది రూపాయల పల్లీ పొట్లం కొన్నాం. ఆకలి తీరలేదు, కాస్త సద్దుమణిగింది. నవ్వేం లేదిందులో, అర్థం మాత్రం అంచు దాకా కచ్చితంగా ఉంది.

అబేట్‌కి కొక్కెం అసలు వెతకలేదు. ఉధృతి తగ్గుముఖం పట్టడం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 11.75 అయితే మొదటిది. మూడో హెచ్చరిక ఎత్తేశారని టీవీలో స్క్రోలింగు వచ్చినప్పుడు లంక ఊళ్ళవాళ్ళు వదిలే ఊపిరి ఉంది చూశారా, అదే అబేట్. కార్డు మీద మూడు అంకెలు వేసి, పక్కన కిందకి బాణం గీశాం. అంతే.

సంస్కృతం వైపు చుట్టాలు వేరే దొంతర. 1786లో కలకత్తాలో జడ్జి విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే తల్లి బిడ్డల్లా ఉన్నాయన్నాడు. ఆ దారిన మనకి ఉచితంగా దొరికేవి కొన్ని: ఇగ్నియస్‌లో (నిప్పులోంచి పుట్టిన) అగ్ని, సొమ్నొలెంట్‌లో (నిద్రమత్తు) స్వప్నం, సీనైల్‌లో (ముసలితనపు) సనాతనం, జువెనైల్‌లో (కుర్రతనపు) యువ, అనానిమస్‌లో (పేరులేని) అనామకం. వీటికి జోకు అవసరం లేదు, చుట్టరికం చెప్తే చాలు. పోలిక కనబడ్డ ప్రతిదీ చుట్టం కాదు సుమా. లోకల్‌కీ లోకానికీ సంబంధం లేదు, వేరువేరు మూలాలు. కొక్కెంగా వాడుకోవచ్చు, చుట్టరికంగా పిల్లలకి చెప్పకూడదు.

రోజు 30: తిరగేసి అడిగితే

కార్డు చూపించి అర్థం అడిగితే టకటకా చెప్తున్నారు. «పిసినారిని ఇంగ్లీషులో ఏమంటారు» అంటే మాత్రం మౌనం. కొక్కెం ఒకవైపే తెరుచుకునే తలుపు. మాట విన్నప్పుడు పార్సిల్ గుర్తొస్తుంది, పిసినారి అనగానే పార్సిల్ ఎందుకు గుర్తురావాలి?

మూడో అర దాటిన కార్డుల్ని తిరగేసి అడగడం మొదలుపెట్టాం. ముందు టిఫిన్ క్యారేజీ మోస్తున్న ఆసామిని చెప్పాలి, అక్కణ్ణుంచి పార్సిల్, అక్కణ్ణుంచి మాట. తిరగేసినప్పుడు జవాబు టైము ఎనిమిది సెకన్లు కాదు, పదిహేను. చదివి అర్థం చేసుకుంటే చాలనుకునేవాళ్ళకి ఈ పని అనవసరం. రాయాల్సినవాళ్ళకి తప్పదు.

రోజు 37: వాక్యం లేని కార్డుల గతి

రెండో రోజు వదిలేసిన నాలుగో వరస ఇప్పుడు తిరిగొచ్చింది. పల్క్రిట్యూడ్ అంటే అందం, కొక్కెం «పలకరించబుద్ధేసేంత అందం». వినడానికి పుల్లవిరుపుగా ఉండే మాటకి అందం అని అర్థం రావడమే పెద్ద జోకు. వాక్యం రాయమంటే కోనసీమ కొబ్బరితోటల పల్క్రిట్యూడ్ అని రాశారు. ఈ మాట మనుషుల అందానికే వాడతారు, అదీ పుస్తకాల్లో, కాస్త వెటకారంగా. మామూలు మాటల్లో వాడితే మాయాబజారు భాషలో టీ అడిగినట్టుంటుంది.

కోపియస్ పీపుల్ అని ఇంకొకరు. కోపియస్ అనేది నోట్సుకి, కన్నీళ్ళకి, వానకి వాడతారు, మనుషుల సంఖ్యకి కాదు. కొక్కెం అర్థం దగ్గరికి తీసుకెళ్తుంది గాని, ఆ మాట ఎవరి పక్కన కూర్చుంటుందో చెప్పదు. అది వాక్యమే చెప్పాలి. అప్పటిదాకా రాసిన కార్డులన్నిటికీ వెనక్కెళ్ళి నాలుగో వరస రాయడానికి ఆరు సాయంత్రాలు పట్టింది. మొదట్లోనే రాస్తే కార్డుకి మూడు నిమిషాలు.

రోజు 56: లెక్క

అయిదో అర దాటినవాటిని పెట్టెలోంచి తీసేస్తున్నాం. తీసేముందు ఒక్క ప్రశ్న: మాట వినగానే ముందు ఏం వచ్చింది, కొక్కెమా, అర్థమా? అర్థం వస్తే కార్డు బయటికి. ఇంకా గారెలే వస్తే ఇంకో పదహారు రోజులు లోపలే. క్యాంటాంకరస్ ట్యాంకరుని ఇంకా వదల్లేదు. ఇన్‌సిపిడ్ మొదటి వారానికే చప్పిడిని వదిలించుకుంది, అది విచిత్రమే.

160లో పదకొండింటికి కొక్కెం దొరకలేదు. వాటిలో నాలుగు పనికొచ్చే మాటలే, వాక్యంతోనే నేర్చుకోవాలి. మిగతా ఏడూ మళ్ళీ ఎక్కడా కనబడవనిపించి తీసేశాం.

రెండో విడతకి ఇంకో 24 షీట్లు ప్రెస్సులో ఇచ్చాం, ఈసారి మూలలు గుండ్రంగా కోయించమన్నాం, జేబులో పెట్టుకుంటే మడిచిపోతున్నాయి. మొదటి కార్డు ఆబ్‌ఫస్కేట్. కావాలని గందరగోళం చేసి చెప్పడం అని అర్థం. మూడు రోజులుగా ఆరుగురం కూర్చుని కొక్కెం వెతుకుతుంటే, ఎవరేం చెప్తున్నారో ఎవరికీ అర్థం కావడం లేదు. కార్డు వెనక ఆ మాటే రాసేశాం.